బిగువైన బేస్‌కు పెద్ద శబ్దం అక్కరలేదు

ఆదివారం సాయంత్రం నెల్లూరు నుంచి మైపాడు తీరానికి వెళ్లే దారిలో కొన్ని కార్లు కంటికి కనబడకముందే వాటి బేస్ గుండెకు తగులుతుంది. పాట ఏదో తెలియదు, పాడుతున్నవారెవరో తెలియదు. కిటికీ అద్దాలు అదురుతాయి, ఊయలలోని బిడ్డ ఉలిక్కిపడుతుంది. ఇది సంగీతాభిరుచి అని యువకులంటారు, పొగరు అని పెద్దలంటారు. నా అభిప్రాయం వేరు. అలాంటి కార్లలో చాలావాటికి బేస్ సరిగా అమర్చి ఉండదు. సరిగా అమర్చితే అంత శబ్దం అవసరమే రాదు. పాట మాధుర్యం కోసం చేసే పనులే చెవికీ మేలు చేస్తాయని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మంచి బేస్ అంటే ఏమిటో మన వాద్యాలే చెబుతాయి. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్ది మంద్రనాదం రప్పిస్తారు. ఆ నాదం కుడి మూత పలికే జతులను మింగివేస్తే దానిని ఎవరూ మంచి మృదంగం అనరు. డప్పును మంట దగ్గర కాచి బిగిస్తారు. బిగిసిన డప్పు మీద దెబ్బ ఠంగున పలికి వెంటనే ఆగుతుంది, వదులైన డప్పు బొయ్యిమని సాగుతుంది. కారు బేస్‌లో యువకులు కోరే ‘పంచ్’ ఈ బిగువే. మోగవలసినప్పుడు మోగి, ఆగవలసినప్పుడు ఆగడమే దాని రహస్యం.

ఇక చెవి సంగతి. ఆరోగ్యవంతమైన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. అయితే అన్ని స్థాయిలను సమానంగా వినదు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మంద్రస్థాయి మనకు మరీ పలుచగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే చూపించారు. రహదారిపై టైర్ల రొద, గాలి రొద కూడా మంద్రస్థాయివే కనుక అవి బేస్‌ను కప్పివేస్తాయి. బేస్ తగ్గిందనుకొని మనం మొత్తం వాల్యూమ్ పెంచుతాం. బేస్‌తోపాటు గొంతులు, తాళాలు, వేణువులు అన్నీ పెరుగుతాయి. చెవికి ఎక్కువ హాని చేసేవి ఆ పై స్థాయి శబ్దాలే.

లోపలి చెవిలోని కాక్లియా నత్తగుల్లలా చుట్టుకొని ఉంటుంది. అందులోని సన్నని రోమకణాలు ధ్వనిని నాడీ సంకేతంగా మారుస్తాయి. మొదటి మలుపులోని కణాలు పై స్థాయి ధ్వనులను, చివరి మలుపులోనివి మంద్రధ్వనులను పట్టుకుంటాయి. అతిశబ్దం వల్ల వచ్చే చెవుడు సాధారణంగా 4,000 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల మొదలవుతుంది. అందుకే ఈ రోగికి బేస్ బాగానే వినిపిస్తుంది. ‘స’, ‘శ’, ‘చ’ వంటి అక్షరాలు మాత్రం ఒకదానికొకటి కలిసిపోతాయి. “మాట వినబడుతోంది కాని అర్థం కావడం లేదు” అంటాడు. మనిషిలో ఒకసారి చచ్చిన రోమకణం మళ్లీ పుట్టదు. దానికి మందు లేదు.

ఎంత శబ్దం ఎంతసేపు అన్నదానికి లెక్క ఉంది. పనిచేసే చోట్లకు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి 85 డెసిబెల్స్ వద్ద 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 88 వద్ద 4 గంటలు, 94 వద్ద గంట, 100 వద్ద కేవలం 15 నిమిషాలు. కారులో 100 డెసిబెల్స్ పెట్టుకొని ముప్పావుగంట ప్రయాణించినవాడు మూడు రోజుల కోటాను ఆ ఒక్క ప్రయాణంలోనే ఖర్చు చేసుకున్నట్లే. రోజంతా డీజిల్ ఇంజన్ల పక్కన పడవలపై పనిచేసే మన తీరప్రాంత సోదరుల చెవులు అప్పటికే అలసి ఉంటాయి. వారికి ఈ లెక్క మరింత ముఖ్యం.

ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌ను పూర్తిగా నమ్మి కూర్చోవద్దు. అటువంటి మీటర్లు సాధారణంగా చెవి తీరును అనుసరించే ‘ఎ’ కొలతను వాడతాయి. ఆ కొలతలో 63 హెర్ట్జ్‌ల శబ్దం విలువ సుమారు 26 డెసిబెల్స్ తగ్గించి చూపబడుతుంది. అందువల్ల యాప్‌లో అంకె మర్యాదగా కనిపిస్తున్నా పక్కింటి గోడ అదురుతూ ఉండవచ్చు. మంద్రధ్వని గోడలను సులభంగా దాటుతుంది కనుక పొరుగువారికి పాట చేరదు, దడదడ మాత్రమే చేరుతుంది.

మరి బిగువైన బేస్ ఎలా వస్తుంది? 50 హెర్ట్జ్‌ల తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, కారు గది అంతకంటె చిన్నది. ఇంత చిన్న మూసిన గదిలో అట్టడుగు స్థాయి తనంతట తానే బలపడుతుంది. కనుక ఇంటి సిస్టమ్‌కంటె కారుకు బేస్ తక్కువ పెట్టాలి. బిగువు కోరేవారికి చిన్న కారులో రంధ్రం లేని మూసిన పెట్టె మేలు. సబ్‌వూఫర్‌ను సుమారు 80 హెర్ట్జ్‌ల దిగువకు పరిమితం చేసి, ఆ పై భాగాన్ని తలుపు స్పీకర్లకు వదలాలి. ఒక స్పీకర్ తీగలు తారుమారైతే రెండు ధ్వనులు ఒకదానినొకటి చంపుకొని బేస్ పలుచబడుతుంది. దీనికి మందు వాల్యూమ్ పెంచడం కాదు, తీగలు సరిచేయడం. ఫేజ్ స్విచ్‌ను రెండు వైపులా మార్చి చూసి, డ్రైవరు సీటులో బేస్ నిండుగా వినబడేచోట ఉంచాలి. గెయిన్‌ను వాల్యూమ్‌లా తిప్పితే ధ్వని విరిగి, కాయిల్ వేడెక్కుతుంది. తలుపుల లోపలి రేకుకు అదురును ఆపే షీట్లు అంటించాలి. మన తీరంలో మరొక శత్రువు ఉప్పుగాలి. ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు పడితే ఆంప్లిఫయర్ బలం తగ్గుతుంది. దానిని అప్పుడప్పుడు శుభ్రపరచాలి.

చివరి పరీక్ష చెవితోనే చేయాలి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి పాట ఒకటి పెట్టి, సబ్‌వూఫర్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి. బేస్ వెనుక డిక్కీలోంచి వస్తోందని తెలిసిన క్షణంలో కొంచెం తగ్గించండి. ఆయన పలికిన ప్రతి అక్షరమూ స్పష్టంగా అందుతూ, కింద తాళం బిగువుగా నడుస్తుంటే అదే సమతూకం.

డ్రైవింగ్ లైసెన్సుకు ఇచ్చే వైద్య ధ్రువపత్రంలో, సాధారణ ధ్వని సంకేతాలు వినలేనంత చెవుడు ఉందా అనే ప్రశ్న ఉంటుంది. జాతీయ రహదారిపై వెనుక నుంచి వచ్చే అంబులెన్సు సైరన్ వినబడనంతగా పాట పెట్టుకున్నవాడు ఆ పరీక్షలో తాత్కాలికంగా తప్పినవాడే. దీనిని వ్యక్తిగత అభిరుచి అని వదలివేయడానికి వీలు లేదు.

అందుకే ఆడియో దుకాణదారులకు నా మనవి: పెట్టె ఎంత పెద్దదో చూపి అమ్మకండి, సరిగా ట్యూన్ చేసి అమ్మండి. తల్లిదండ్రులకు: డిక్కీలో సబ్‌వూఫర్ మోగుతుండగా వెనుక సీటులో పసిబిడ్డను పడుకోబెట్టకండి. యువకులకు: కారు దిగాక చెవిలో గుయ్యిమనే మోత గాని, దూది కూరినట్లు దిబ్బడ గాని ఉంటే అది చెవి చేసే హెచ్చరిక. మరుసటి రోజుకు తగ్గిపోయినా దానిని మరచిపోవద్దు. ఒకసారి ఇ.ఎన్.టి. వైద్యుని కలసి ఆడియోగ్రామ్ చేయించుకోండి. సబ్‌వూఫర్ పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. రోమకణాలు ఏ దుకాణంలోనూ దొరకవు.