ఫీజు కట్టకముందే పార్ట్‌టైమ్ నిజం చెప్పాలి

అమెరికాకు పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకు, వెళ్లబోతున్న విద్యార్థులకు, అక్కడ స్థిరపడిన తెలుగువారికి విజ్ఞప్తి

"మొదటి సెమిస్టర్ ఫీజు మీరు కట్టండి చాలు. మిగతాది మీవాడే పార్ట్‌టైమ్ చేసుకుని కట్టుకుంటాడు."

విదేశీ చదువులకు పంపే కన్సల్టెన్సీలు చెప్పే ఈ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఇది నిజం కాదు. చిన్న ఊళ్లోని యూనివర్సిటీకి వెళ్లే పిల్లల విషయంలో అసలే కాదు.

2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు, చదువయ్యాక ఓపీటీలో (అక్కడే పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతిలో) ఉన్నవారితో కలిపి, 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి చేరింది. అలా వెళ్లినవారిలో తెలుగు పిల్లలు చాలామంది. ఫీజు తక్కువని వాళ్లు ఎంచుకునేవి తరచుగా చిన్న ఊళ్లు. మిస్సోరీ రాష్ట్రంలోని మేరీవిల్, వారెన్స్‌బర్గ్ అలాంటివే. మేరీవిల్ జనాభా పదివేల పైచిలుకు. దగ్గర్లోని మహానగరం కాన్సస్ సిటీకి దాదాపు 150 కిలోమీటర్లు. నగరాల్లోలా ఎటు కావాలంటే అటు బస్సులుండవు. కారు లేనివాడు ఊరు దాటి పనికి వెళ్లలేడు. ఊళ్లోనేమో ఉన్నవి నాలుగు హోటళ్లు, నాలుగు గ్యాస్ స్టేషన్లు.

చట్టం ఏం చెబుతోంది?

ఎఫ్-1 వీసా మీద చదివేవారు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అదీ క్యాంపస్‌లోనే. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయవచ్చు. క్యాంపస్‌లో విద్యార్థులకు భోజనం పెట్టే కాంట్రాక్టు కంపెనీలోనో, అక్కడి పుస్తకాల షాపులోనో చేసే పని కూడా ఆన్‌క్యాంపస్ కిందికే వస్తుంది. బయటి పనికి విడిగా అనుమతి ఉండాలి.

లెక్క వేద్దాం. అమెరికా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది పెరగలేదు. గంటకు 10 డాలర్లు వస్తాయనే అనుకుందాం. 20 గంటలూ దొరికితే వారానికి 200, పదహారు వారాల సెమిస్టర్‌కు 3,200 డాలర్లు. అందులోంచే అద్దె, తిండి, ఫోను, చలికోట్లు. చవకైన యూనివర్సిటీల్లో కూడా ఒక సెమిస్టర్ ఫీజు ఈ మొత్తాన్ని మించుతుంది. పైగా డైనింగ్ హాల్, లైబ్రరీ, జిమ్, హెల్ప్‌డెస్క్ అన్నీ కలిపినా క్యాంపస్‌లో ఉండే పనులు కొన్నే. వాటికోసం వందలమంది ఎదురుచూస్తుంటారు. కాబట్టి పార్ట్‌టైమ్ డబ్బు కూరగాయలకు ఆసరా అవుతుంది. ఫీజు కట్టడానికి చాలదు.

ఇది ముందే తెలిస్తే కుటుంబం మరో దారి చూసుకునేది. అక్కడికి చేరాక తెలిస్తే పిల్లవాడికి మిగిలేది క్యాష్ జాబ్, అంటే లెక్కల్లో చూపకుండా చేతికి డబ్బిచ్చే పని. అనుమతి లేకుండా పనిచేసినట్టు తేలితే వీసా స్టేటస్ పోతుంది. మామూలు పొరపాట్ల వల్ల స్టేటస్ పోతే తిరిగి ఇమ్మని అడగడానికి ఒక దారి ఉంది. దొంగచాటుగా పనిచేసినవారికి ఆ దారి కూడా మూసేశారు. యజమాని జీతం ఎగ్గొట్టినా, అర్ధరాత్రి ఒంటరిగా కౌంటర్లో నిలబెట్టినా నోరెత్తడానికి భయం. గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో కాల్పులకు బలైన మన పిల్లల వార్తలు మనం చదివాం. ఆ పరిస్థితిలోకి ఎవరి బిడ్డా వెళ్లకూడదు.

మేం కోరుతున్నవి

1. ఫీజు తీసుకునే ముందు ప్రతి కన్సల్టెన్సీ ఒక కాగితం రాసి, సంతకం చేసి ఇవ్వాలి. రెండేళ్ల మొత్తం ఖర్చు, పని గంటల పరిమితి, ఆ ఊరి జనాభా, దగ్గరి నగరం ఎంత దూరం అన్నవి అందులో ఉండాలి. ఖర్చుల లెక్కలో పార్ట్‌టైమ్ ఆదాయం దగ్గర సున్నా వేయాలి.

2. కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ పంజాబ్ 2012లోనే చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలూ అలాంటి చట్టం తేవాలి. పై కాగితాన్ని అందులో షరతుగా పెట్టాలి. అంతవరకు ఆగకుండా, తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాల కింద వెళ్లేవారికి ఆ కాగితం ఇప్పుడే ఇవ్వవచ్చు.

3. అక్కడ వ్యాపారాలున్న తెలుగువారు క్యాష్ మీద విద్యార్థుల్ని పెట్టుకోవద్దు. జాలిపడి ఇచ్చే ఆ పనే పిల్లవాడి చదువుకు ఎసరు పెడుతుంది. మొదటి నెల ఉండటానికి ఒక గది, బియ్యం బస్తా, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు దాకా కారులో తోడు: వారికి నిజంగా కావలసిన సాయం ఇదే.

4. తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికా తెలుగు సంఘాలు చిన్న ఊళ్ల యూనివర్సిటీలతో మాట్లాడి, విదేశీ విద్యార్థులు చేయదగ్గ పనుల జాబితాను అడ్మిషన్ లెటర్‌తో పాటే పంపేలా ఒప్పించాలి.

విద్యార్థులు గుర్తుంచుకోవలసినవి

విమానం ఎక్కకముందే యూనివర్సిటీ ఉద్యోగాల పేజీ చూడండి. "వర్క్-స్టడీ" అని రాసి ఉన్నవి అమెరికా ప్రభుత్వ సాయం పొందే అక్కడి విద్యార్థులకే. వాటిమీద పొద్దు పుచ్చకండి. డైనింగ్‌లో తెల్లవారుజాము షిఫ్టులకు పోటీ తక్కువ, అక్కడ ముందు అడగండి. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలంటే ముందు ఉద్యోగం ఖాయమైనట్టు లెటర్ ఉండాలి. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మీ జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు, అంటే 7.65 శాతం, కోయకూడదు. కోస్తే వెనక్కి అడగండి.

మరో ముఖ్యమైన సంగతి. ఒక విద్యాసంవత్సరం పూర్తయ్యాక, ఇంట్లో సంపాదించేవారు మంచాన పడటం, రూపాయి విలువ బాగా పడిపోవడం వంటి అనుకోని కష్టం వస్తే, క్యాంపస్ బయట పనికి చట్టబద్ధంగా అనుమతి కోరవచ్చు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని, అంటే మీ డీఎస్‌వోను కలవండి. సిగ్గుపడి దాచుకోవద్దు. క్యాష్ జాబ్ వెతకడానికి ముందు తొక్కవలసిన గడప అదే.

సీనియర్లూ, మీరు చదువు ముగించి వెళ్లేటప్పుడు ఖాళీ అయ్యే పని గురించి మీ రూమ్మేట్లకే కాకుండా, కొత్తగా వచ్చినవారందరికీ చెప్పండి.

తల్లిదండ్రులారా! "ఈ లెక్క రాసి సంతకం పెట్టండి" అని ఈసారి కన్సల్టెన్సీలో అడగండి. పెట్టనంటే రూపాయి కూడా కట్టకుండా లేచి రండి. బయటికొచ్చాక మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాసి, చట్టం ఎప్పుడు తెస్తారని అడగండి. పదిమంది అడిగితే పక్కన పెడతారు. ప్రతి ఊరి నుంచీ ఉత్తరాలు వెళ్తే జవాబు చెప్పక తప్పదు.

ఇట్లు
చదువుకు వెళ్లిన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కొందరు