సైనికుని బిడ్డకు రెండు కొలతలా?

విజయదశమినాటి నడిరేయి దేవరగట్టు పేరు రాష్ట్రమంతటను మాఱుమ్రోగును. మాళమ్మ మల్లేశ్వరస్వాముల కల్యాణము ముగిసినంతనే ఉత్సవమూర్తులను తమ వశము చేసికొనుటకై నెరణికి, కొత్తపేట, అరికెర మున్నగు గ్రామములవారు కఱ్ఱలు చేపట్టుట తరతరములుగ వచ్చుచున్న యాచారము. ఆ యొక్క రాత్రికై పోలీసు బలగములు వచ్చును, వైద్యులు వత్తురు, అధికారులు మకాము వేయుదురు. గాయపడినవారి లెక్క మఱునాటి పత్రికలలో ప్రకటితమగును. తక్కిన 364 దినములు ఆ కొండ చుట్టునున్న పల్లెలను తలచువా రరుదు.

వానలు తప్పిన యేట హొళగుంద, కౌతాళం, కోసిగి ప్రాంతములనుండి సంసారములు సంసారములుగ సుగ్గికి గుంటూరు దిక్కునకు తరలిపోవును. పెద్దలవెంట పిల్లలును బడి విడుతురు. 2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా అక్షరాస్యత నూటికి 60 దాపున నిలిచినది. ఆరోగ్యముతో నున్న బిడ్డకే చదువు దక్కుట కష్టమైన యీ సీమలో, చెవి వినబడని బిడ్డకు, చూపు మందగించిన బిడ్డకు, బుద్ధివికాసమున వెనుకబడిన బిడ్డకు చదువెట్లబ్బును?

ఆ బిడ్డ తండ్రి సైన్యమున పనిచేసి వచ్చినవాడైనచో ప్రభుత్వమే యాదుకొనునని లోకులు తలంతురు. ఆదుకొనుచున్నామని ప్రభుత్వమువారును చెప్పుచున్నారు. కాని యీ విషయమునకు సంబంధించిన నియమములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదివిన యెడల వేఱొక సంగతి బయటపడుచున్నది. దానినే యీ వారము చదువరుల యెదుట నుంచుచున్నాము.

పార్లమెంటు 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అది 21 విధముల వైకల్యములను గుర్తించినది. వైకల్యము నూటికి 40 పాళ్ళకు తక్కువ కానిచో ఆ మనుష్యుడు ప్రత్యేక సహాయమున కర్హుడని నిర్ణయించినది. అట్టి బిడ్డకు ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటివఱకు ఉచితవిద్య పొందు హక్కు 31వ సెక్షనువలన లభించినది. కావున దేశమునకు 40 అను కొలత చట్టమే యిచ్చినది. కచేరి గుమాస్తా కల్పించినది కాదు.

సైనికుడు కొలువులో నున్నంతకాలము ప్రభుత్వము ఈ కొలతనే పాటించుచున్నది. కేంద్రోద్యోగులకువలెనే సిపాయికిని ఇద్దఱు బిడ్డలవఱకు విద్యాభత్యము కలదు. 2024 జనవరినుండి ఆ భత్యము బిడ్డ యొక్కింటికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు. వైకల్యముగల బిడ్డకు దానికి రెట్టింపు, అనగా 5,625 రూపాయలు. ఆ రెట్టింపునకు 40 పాళ్ళ వైకల్యము చాలును. బిడ్డకు 22 ఏండ్లు నిండువఱకు అది లభించును. పెద్ద దండుపేటలలో నున్నవారికి సైనికపత్నుల సంఘము నడపు ఆశా పాఠశాలలును కలవు. మన తెలుగుసీమలో సికింద్రాబాదునందు అట్టి పాఠశాల కలదు. ఇంతవఱకు న్యాయముగనే యున్నది.

కాని సిపాయి కొలువు గుమాస్తా కొలువువలె అఱువదియేండ్లవఱకు సాగునది కాదు. యౌవనారంభమున చేరి, పదునైదేండ్లకు పైబడి సేవచేసి, నలువదియేండ్లు నిండకమునుపే యిల్లు చేరువారు పెక్కుమంది. ఆనాటికి బిడ్డలు పదేండ్లవారో, పండ్రెండేండ్లవారో అయియుందురు. చదువు అప్పుడే చిక్కువడు సమయము. సరిగా ఆ సమయముననే విద్యాభత్యము నిలిచిపోవును. ఆశా పాఠశాల దూరమగును. తండ్రి పెట్టె బేడ సర్దుకొని ఆదోనికో, ఎమ్మిగనూరునకో, ఆలూరు దరి పల్లెకో వచ్చును.

అంతట ఆతడు మాజీ సైనికుడగును. మాజీ సైనికుల కష్టసుఖముల నరయుటకు రక్షణమంత్రి పేర నొక సంక్షేమనిధి కలదు. కేంద్రీయ సైనిక బోర్డువా రా నిధినుండి వైకల్యముగల బిడ్డలకు నెలనెల సహాయము చేయుచున్నారు. మంచిదే. కాని యా సహాయమునకు బిడ్డ వైకల్యము నూటికి నూఱుపాళ్ళు ఉండవలెనట! నిన్నటివఱకు 40 చాలినది. తండ్రి యూనిఫారము విప్పిన మఱునాడు 100 కావలసివచ్చినది. బిడ్డ మాఱలేదు; బిడ్డ వైకల్యము మాఱలేదు; కొలత మాత్రము మాఱినది.

నూఱుపాళ్ళనగా ఏమో చదువరులు గ్రహింపవలెను. బుద్ధివికాసమునకు సంబంధించిన వైకల్యమును ప్రభుత్వవైద్యులు నాలుగంతస్తులుగ లెక్కించుచున్నారు. స్వల్పమైనది 50, మధ్యమము 75, తీవ్రము 90, అతితీవ్రము 100. మొదటి అంతస్తునందలి బిడ్డ ఓపికగల ఉపాధ్యాయుడు దొరికిన యెడల చదువను వ్రాయను నేర్చును. ఒక వృత్తి నేర్చి తన కడుపు తాను నింపుకొనగలుగును. రెండవ అంతస్తునందలి బిడ్డ తన పనులు తాను చేసికొనుట నేర్చును, చిన్న పనులలో చేదోడగును. నాలుగవ అంతస్తునందలి బిడ్డకు జీవితాంతము మఱొకరి సేవ కావలెను. ఆ బిడ్డకు సహాయము చేయుట ధర్మము. దాని నెవ్వరు కాదనరు. కాని విద్య వలన మిక్కిలి ఫలము పొందగలిగినవారు మొదటి మూడంతస్తులవారే గదా! వారందఱిని వాకిట నిలిపి, నాలుగవవానిని మాత్రము లోనికి రానిచ్చు నియమము దయకు కొలతయగునేమో గాని చదువునకు కొలత కాజాలదు.

ఇతర ద్వారములు లేవా యని యడుగవచ్చును. ఉన్నవి. ఒక్కొక్కదానిని తట్టి చూతము. ఆ సంక్షేమనిధియందే హవల్దారు హోదాకు మించని మాజీ సైనికుల బిడ్డలకు ఒకటవ తరగతినుండి పట్టపరీక్షవఱకు విద్యాసహాయము కలదు. 2025 నవంబరు 1వ తేదీనుండి దానిని నెలకు వెయ్యినుండి రెండువేల రూపాయలకు పెంచిరి. సంతోషము. కాని గడచిన తరగతియందు ఉత్తీర్ణుడైన పత్రము చూపవలెను. ఏటికొక తరగతి యెక్కలేకపోవుటయే ఆ బిడ్డ కష్టము. ఆ కష్టమే యిచట అనర్హత యగుచున్నది. ఇక ప్రధానమంత్రి పేర 2006–07నుండి ఏటేట ఇచ్చు విద్యార్థివేతనములు 5,500. బాలురకు నెలకు 2,500, బాలికలకు 3,000 రూపాయలు. వానికి నూటికి 60 మార్కులు కావలెను. చదువు వైద్యము, ఇంజనీరింగు వంటి వృత్తివిద్య కావలెను. మన బిడ్డ ఆ మెట్టువఱకు చేరుటయే యెట్లన్నది ఇచటి ప్రశ్న.

మిగిలినది వికలాంగ విద్యార్థుల కందఱికిని ఉద్దేశింపబడిన కేంద్రప్రభుత్వ విద్యార్థివేతనము. 9, 10 తరగతులవారికి అందు 40 పాళ్ళ వైకల్యము చాలును. కాని తలిదండ్రుల సాలుసరి యాదాయము రెండున్నర లక్షలు మించరాదు. అనగా నెలకు 20,833 రూపాయలు. ఏడవ వేతనసంఘము 2016నుండి సిపాయికి తొలి మూలవేతనముగ నిర్ణయించిన మొత్తమే నెలకు 21,700, ఏటికి 2,60,400. సైన్యమున చేరిననాడే సిపాయి ఆ గీత దాటినాడు. విరమించిన పిదప పింఛనుతోబాటు బ్యాంకు వాకిట కావలియుద్యోగ మొకటి చేసికొన్నచో మఱల ఆ గీత దాటుట వింతకాదు. ఇట్లు ఒక ద్వారమునొద్ద 'వైకల్యము చాలదు' అందురు. వేఱొకదానియొద్ద 'మార్కులు చాలవు' అందురు. ఇంకొకదానియొద్ద 'ఆదాయము హెచ్చు' అందురు. ప్రతి నియమమునకును విడిగ చూచిన నేదో సమర్థన కలదు. అన్నియు గూడి ఒక్క బిడ్డను వీధిని నిలుపుచున్నవి.

నిధి పరిమితమైనది, అర్హుల సంఖ్య పెంచినచో ఎవ్వరికిని చాలదు అని అధికారులు చెప్పవచ్చును. ఆ మాట త్రోసిపుచ్చదగినది కాదు. కాని దానికి మందు ద్వారము మూయుట కాదు. వైకల్యముయొక్క హెచ్చుతగ్గులనుబట్టి సహాయమును హెచ్చుతగ్గులు చేయవచ్చును. నూఱుపాళ్ళవానికి ఇప్పుడిచ్చునది తగ్గింపనక్కరలేదు. నలువదివానికి అందులో కొంతభాగమైన నీయవచ్చును. సున్నకును నిండు మొత్తమునకును నడుమ లెక్క లేదనుట గణితము కాదు. చిన్నతనమున చదువుకై పెట్టని వ్యయము పెద్దతనమున పోషణవ్యయమై తిరిగి వచ్చునని అధికారులు మఱువరాదు.

మఱియు ఆ నిధి యెవరిది? 1949నుండి ప్రతి డిసెంబరు 7వ తేదీని దేశమంతట సైనిక పతాకదినము జరుగుచున్నది. బడిపిల్లలు, వర్తకులు, ఉద్యోగులు చిన్న జెండా రొమ్మున గ్రుచ్చుకొని తోచినంత వేసిన సొమ్ము ఆ పతాకనిధిని చేరుచున్నది. ఆ నిధియే ఈ సంక్షేమసహాయములకు మూలము. ఆదోని పత్తివ్యాపారి వేసిన రూపాయి, ఎమ్మిగనూరు నేతగాడు వేసిన అర్ధరూపాయి అందున్నవి. కావున ఆ సొమ్ము ఏ కొలతచొప్పున పంచబడుచున్నదో అడుగుట ప్రజలకు హక్కు, బాధ్యతయును.

2025 మే 9వ తేదీని శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలము కల్లితండాకు చెందిన మురళీ నాయక్ జమ్మూకాశ్మీరు సరిహద్దున వీరమరణము నొందినప్పుడు రాయలసీమ యంతయు కన్నీరు పెట్టినది. ఆ వీరుడు అగ్నివీరుడు. 2022లో ఏర్పడిన పద్ధతి ననుసరించి నాలుగేండ్లు సేవచేసి వెడలు అగ్నివీరునకు మాజీ సైనికుడను హోదా లేదు. అనగా రేపు వారి బిడ్డలకు పైని చెప్పిన నిధి వాకిలియే కనబడదు. మరణించినవానికి జేజేలు పలుకుట సులభము. బ్రతికి వచ్చినవాని బిడ్డను చదివించుట కష్టము. జాతి కృతజ్ఞత ఈ రెండవదానిచేతనే తెలియును.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: సైనికుల సంక్షేమనిధి నియమమున నూఱును తీసివేసి చట్టమున గల నలువదినే యుంచి, తరతమములనుబట్టి సహాయము నిర్ణయింపవలెను. రెండవది: వైకల్యముగల బిడ్డ విషయమున ఉత్తీర్ణపత్రమునకు బదులు భవిత కేంద్రపు ఉపాధ్యాయుడుగాని, ప్రత్యేక పాఠశాలగాని యిచ్చు హాజరు, అభివృద్ధి పత్రములను అంగీకరింపవలెను. మూడవది: వికలాంగ విద్యార్థివేతనమునకు ఆదాయము లెక్కించునపుడు సైనికుని పింఛనును మినహాయింపవలెను. ఇవి మూడును ఢిల్లీలో జరుగవలసినవి. నాలుగవది మన జిల్లాలోనే జరుగదగినది. జిల్లా సైనికసంక్షేమ కార్యాలయము కర్నూలున నున్నది. దేవరగట్టు దరి పల్లెనుండి నడవలేని బిడ్డను మోసికొని, బస్సులు మాఱి అచటికి పోయి రావలెనన్న ఒకదినపు కూలియు, దారిఖర్చులును పోవును. ఆ కార్యాలయాధికారి నెలకొకమారు ఆదోనికి వచ్చి, సదరం వైద్యపరీక్ష జరుగు దినముననే దరఖాస్తులు గైకొన్నచో ఎంత శ్రమ తప్పును! దీనికి కొత్త చట్టము అక్కరలేదు; కలెక్టరుగారి యుత్తరు వొక్కటి చాలును.

ఇక చదువరులకు ఒక మాట. ఇట్టి బిడ్డలను ఇంటిలోపల దాచియుంచు అలవాటు మన పట్టణములలోను, పల్లెలలోను ఇంకను పోలేదు. కర్మమనియు, శాపమనియు చెప్పికొని తల్లి కన్నీరు తుడిచికొనుటతో కథ ముగియుచున్నది. వైకల్యపత్రము లేనిదే ఏ ద్వారమును తెరువబడదు. బిడ్డను వెలుపలికి తేనిదే పత్రము రాదు. ఇపుడు దరఖాస్తులు కంప్యూటరుపై నింపవలసియున్నందున చదువురాని తల్లి, ఊరిలో లేని తండ్రి నిస్సహాయులగుచున్నారు. పఠనమందిరములకు నిత్యము వచ్చు విద్యావంతులు వారమున కొక సాయంత్రము ఈ పనికై కేటాయించి, తమ వీధిలోని మాజీ సైనికుల కుటుంబముల నడిగి తెలిసికొని, దరఖాస్తులు నింపి పెట్టినచో అది పతాకదినమున జెండా కొనుటకంటె మిన్నయగు దేశసేవ.

తండ్రి దేశమునకై కొలిచి యీయలేదు. ఆతని బిడ్డ చదువునకు ప్రభుత్వము పట్టిన కొలతయైన ఒక్కటే యగుగాక. వచ్చు పతాకదినమునకు ముందే కేంద్ర ప్రభుత్వమువారు ఈ నియమమును సవరింతురని, జిల్లాధికారులు ఆదోనిలో ఆ నెలసరి దినమును నిర్ణయింతురని ఆశించుచున్నాము.