చిన్న కాన్ఫరెన్స్‌ల బలమెంత?

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో సంపన్న కాన్ఫరెన్స్‌ల నీడన అమెరికన్, మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్, మిడ్ అమెరికన్, కాన్ఫరెన్స్ యుఎస్ఏ అనే చిన్న కూటములు చిరకాలంగా మనుగడ సాగిస్తూ వచ్చాయి. వీటిలో ఏది బలమైనదన్న ప్రశ్నకు సాధారణంగా విజేత జట్టునే సాక్ష్యంగా చూపుతారు. అది అసంపూర్ణమైన కొలమానం.

2021లో అమెరికన్ జట్టు సిన్సినాటి నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు ఎంపికై చరిత్ర సృష్టించింది. అలబామా చేతిలో 27-6తో ఓడింది. ప్లేఆఫ్ 12 జట్లకు విస్తరించిన 2024లో మౌంటెన్ వెస్ట్ విజేత బోయిసీ స్టేట్‌ను పెన్ స్టేట్ 31-14తో ఓడించింది. 2025లో అమెరికన్ నుంచి ట్యులేన్, సన్ బెల్ట్ నుంచి జేమ్స్ మాడిసన్ అర్హత పొందినా తొలి రౌండ్‌లోనే వెనుదిరిగాయి. ఇవన్నీ ఒక్కొక్క జట్టు ఘనతలే.

కూటమి సత్తా విజేతేతర జట్లలో తెలుస్తుంది. 2022 సెప్టెంబరు 10న సన్ బెల్ట్ జట్లయిన మార్షల్, అపలాచియన్ స్టేట్, జార్జియా సదరన్‌లు వరుసగా నోటర్ డామ్, టెక్సాస్ ఏ అండ్ ఎం, నెబ్రాస్కాలను వాటి సొంత మైదానాల్లోనే ఓడించాయి. ఆ ఏడాది సన్ బెల్ట్ టైటిల్ ఈ మూడింటిలో దేనికీ కాక ట్రాయ్‌కు దక్కడం గమనార్హం. లోతు అంటే ఇదే.

అయితే బలపడిన కూటమికే ముప్పు ఎక్కువ. సిన్సినాటి, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడాలు 2023లో బిగ్ 12కు తరలిపోయాయి. బోయిసీ స్టేట్ సహా ఐదు మౌంటెన్ వెస్ట్ జట్లు 2026లో పాక్-12లో చేరాలని 2024లోనే నిర్ణయించుకున్నాయి. ప్రసార హక్కుల ఆదాయంలో ఇంతటి అంతరం కొనసాగినంతకాలం చిన్న కాన్ఫరెన్స్ బలం నిలకడగా ఉండజాలదు. కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలు!