వీరగణ కథలలో పూర్వాపర సంబంధము

జంషెడ్‌పూరులోని గోల్‌మురిలో ఒక తెలుగు కుటుంబమువారి యింట, పల్నాటినుండి వచ్చిన ముదుసలి మనుమనికి బాలచంద్రుని కథ చెప్పుచుండెను. అతడు ‘ఎక్స్‌మెన్’ బొమ్మల పుస్తకమును చూపి, ఇందులో చచ్చినవారు మరల వత్తురనెను. ఆమె సమ్మతింపలేదు. నేనును ఆమె పక్షమే.

1963లో స్టాన్ లీ, జాక్ కర్బీలు ఆరంభించిన ఆ వీరగణ కథను క్రిస్ క్లేర్‌మాంట్ 1975 మొదలు 1991 వరకు వ్రాసెను. ఇట్టి దీర్ఘకథలో ఒకనాటి చేష్ట ఏండ్ల పిమ్మట ఋణమై ఎదురువచ్చును. 1980లో జీన్ గ్రే మరణము పాఠకులను కలచివేసినదన్నచో, వారామెను ఏండ్లుగా ఎరిగియుండుటయే కారణము. 1986లో, మరణించినది ఆమె కాదని చెప్పి ప్రచురణకర్తలు ఆమెను మరల తెచ్చిరి. వెనుకటి దుఃఖమంతయు వ్యర్థమయ్యెను.

పల్నాటి అరువదియార్గురు వీరుల కథను చూడుడు. కథలో కోడిపోరు ముందు, అలరాజు రాయబారము వెనుక. కారంపూడిలో కార్తికమాసపు ఐదునాళ్ళ యుత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను వరుస. అనగా రాయబారమే ముందు వచ్చును! అయినను చూచువారు తికమకపడరు. పూర్వాపరములు వారి మనస్సులలోనే కలవు గనుక చెప్పు క్రమము మారినను చెల్లును. ఫలితము మాత్రము మారరాదు. అలరాజు విషమునకు బలియగును. బాలచంద్రుడు రణమున కూలును. ఏ యేటికాయేడు అంతే.

వీరగాథలను పరిశీలించు మనము పాఠభేదములను శ్రద్ధతో లెక్కించుచున్నాము. శ్రోతకు కథ ముందుగా ఎంత తెలియునో అడుగుట అరుదు. గోల్‌మురి వంటి దూరపు పేటలలో ఆ యెరుక ముదుసళ్ళతోనే పోవుచున్నది.