ఫొటో తీసుకున్నాం సరే, పండు కొన్నామా?

కార్తహేన నగరానికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరి ఫొటోలు తిరగేసినా అందులో ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. పసుపు, నీలం, ఎరుపు రంగుల కుచ్చుల గౌను తొడుక్కుని, నెత్తిమీద పళ్ళ బేసిన్ పెట్టుకుని, నిండుగా నవ్వుతూ ఒక నల్లని స్త్రీ. పక్కన టూరిస్టు. వెనకాల రంగు వేసిన పాత గోడ, దానిమీద నుంచి వేలాడే కాగితం పూల తీగ. ఆ ఊళ్ళో అమ్మే పోస్టు కార్డులమీదా, టీషర్టులమీదా, ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మలమీదా ఎక్కడ చూసినా ఆవిడే. ఇంతకీ ఎవరీవిడ? ఏ ఊరు? ఆ బేసిన్ నెత్తికెలా ఎక్కింది? ఈ సంగతి అడిగేవాళ్ళు మాత్రం బహు తక్కువ.

కార్తహేన అంటే దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, కరీబియన్ సముద్రపుటొడ్డున ఉన్న పాత ఓడరేవు. 1533లో పెద్రో దె ఎరేదియా అనే స్పెయిన్ దేశస్థుడు ఈ నగరాన్ని స్థాపించాడు. పూర్తి పేరు 'కార్తహేన దె ఇండియాస్'. స్పెయిన్‌లో అప్పటికే ఒక కార్తహేన ఉంది కాబట్టి ఇది 'ఇండియాల కార్తహేన' అయింది. మన దేశానికే వచ్చాననుకుని కొలంబస్ ఎక్కడో తేలాడు చూడండి, ఆ పొరపాటు తాలూకు మన పేరు ఇప్పటికీ ఆ ఊరికి తోకలా వేలాడుతోంది! ఊళ్ళోని పాత భాగాన్నీ, కోటనీ 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మేము అక్కడ నాలుగు రోజులున్నాం. చూడవలసినవీ, చేయవలసినవీ చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటే చెప్తాను. కానీ నాతోపాటు మీరూ ఒక పని చేయాలి. ప్రతిచోటా ఆగి, 'ఇందులో ఆడవాళ్ళెక్కడ?' అని ఒక్క ప్రశ్న వేసుకోవాలి.

ముందు గోడలు చూద్దాం. 1586లో ఇంగ్లండుకి చెందిన ఫ్రాన్సిస్ డ్రేక్ ఈ ఊరిమీద పడి, ఇళ్ళు తగలబెట్టి, పెద్ద మొత్తం గుంజుకుని కానీ వదల్లేదు. పెరూ నుంచి వచ్చే వెండీ బంగారమూ స్పెయిన్‌కి చేరేది ఈ దారినే మరి. ఆ దెబ్బతో గోడల పని మొదలై, దాదాపు 200 ఏళ్ళు సాగింది. ఇవాళ ఆ గోడలమీద సాయంత్రంపూట హాయిగా నడవచ్చు. ఒక పక్క సముద్రం, మరో పక్క ఎర్ర పెంకుల ఇళ్ళు, చెక్క బాల్కనీలు. సూర్యాస్తమయం చూడటానికి జనం అక్కడే చేరతారు. ఊరికి కాస్త అవతల చిన్న గుట్టమీద సాన్ ఫెలిపె కోట ఉంది. లోపల సొరంగాలున్నాయి. శత్రువు అడుగుల చప్పుడు దూరానికే వినిపించేలా వాటిని కట్టారట. 1741లో ఇంగ్లీషు సేనాని వెర్నన్ భారీ నౌకాదళంతో వచ్చి ముట్టడించి, ఓడిపోయి వెనుదిరిగాడు. గమ్మత్తేమిటంటే, గెలుపు ఖాయం అనుకుని ఇంగ్లండులో అప్పటికే పతకాలు కూడా ముద్రించేశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అన్నారా! ఒక కాలూ, ఒక కన్నూ పోగొట్టుకుని కూడా నగరాన్ని కాపాడిన బ్లాస్ దె లెసో విగ్రహం కోట ముందు ఉంది. ఆ రాళ్ళు మోసిన బానిసల పేర్లు మాత్రం ఏ రాతిమీదా కనిపించవు.

పాత ఊళ్ళోకి అడుగుపెట్టే ద్వారం పైన గడియారపు గోపురం ఉంటుంది. అది దాటగానే వచ్చే చౌరస్తాని 'ప్లాసా దె లోస్ కోచెస్' అంటారు, అంటే బగ్గీల చౌరస్తా. ఇప్పుడు అక్కడ ఫొటోలూ, పాటలూ, సందడీ. ఒకప్పుడు మనుషుల్ని నిలబెట్టి పళ్ళు చూసి, కండలు నొక్కి బేరం చేసిన చోటు అదే. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసల్ని స్పెయిన్ వలసల్లో అమ్మిన పెద్ద అంగళ్ళలో కార్తహేన ఒకటి. తల్లినొకరికీ బిడ్డనొకరికీ అమ్మేసినా అడిగే నాథుడు లేడు.

ఆ చౌరస్తా పక్కనే కమానుల వసారా కింద మిఠాయిల వరస ఉంటుంది. దాని పేరే 'మిఠాయిల వసారా'. పెద్ద పెద్ద గాజు సీసాల్లో కొబ్బరి లౌజు, చింతపండు ఉండలు, కర్రపెండలం కేకు, పేలాల ఉండలు. ఆ పేలాల ఉండని 'అలెగ్రియా' అంటారు, అంటే సంతోషం. చిరుధాన్యపు పేలాలు, బెల్లం, కొబ్బరి, సోంపులాంటి గింజలు. మన వంటింట్లో లేనిదేముంది చెప్పండి? వీధుల్లో పచ్చిమామిడి కాయ ముక్కలు తరిగి, ఉప్పూ నిమ్మరసం చల్లి అమ్ముతారు. మామిడి మన దేశం నుంచి బయలుదేరి ఎన్ని సముద్రాలు దాటిందో కానీ, ఉప్పుతో దానికున్న చుట్టరికం మాత్రం అక్కడా పోలేదు.

సాన్ పెద్రో క్లావేర్ చర్చి కూడా తప్పక చూడాలి. 1610లో ఈ ఊరికి వచ్చిన ఈ మతగురువు, ఓడలు దిగిన బానిసలకి మంచినీళ్ళూ, పళ్ళూ, మందులూ తీసుకెళ్ళి ఇచ్చేవాడు. తనని తాను బానిసలకి బానిసనన్నాడు. 1654లో పోయాడు, 1888లో చర్చి ఆయన్ని సెయింటుగా ప్రకటించింది. మంచివాడే, కాదనం. కానీ ఆ బానిసలతో మాట్లాడటానికి ఆయన పక్కన నిలబడి వాళ్ళ భాషలు చెప్పిన దుబాసీలు కూడా బానిసలే. వాళ్ళు ఎవరికి గుర్తు?

ఊరి నడిబొడ్డున బొలీవార్ పార్కు ఎదురుగా ఇన్‌క్విజిషన్ భవనం ఉంది, ఇప్పుడది మ్యూజియం. మతానికి విరుద్ధంగా నడిచారని నేరం మోపి విచారించే న్యాయస్థానం అది. 1610లో మొదలైంది. ఇప్పుడు మనం చూసే అందమైన రాతి ద్వారం 1770 నాటిది. పక్క గోడకి ఒక చిన్న కిటికీ ఉంటుంది. గిట్టనివాళ్ళమీద పేరు చెప్పకుండా ఫిర్యాదు వేసిపోవడానికి. మంత్రగత్తె అని ఆడదానిమీద ఒక మాట పడేస్తే చాలు! పౌలా దె ఎగిలూస్ అనే నల్లజాతి స్త్రీని ఇక్కడ మూడుసార్లు విచారించారు. మొదటిసారి 1624లో. బానిసగా పుట్టి, ఆకులూ వేళ్ళతో వైద్యం నేర్చింది ఆవిడ. శిక్ష అనుభవిస్తున్న రోజుల్లో కూడా ఊరి పెద్దలు జబ్బు చేస్తే ఆవిడ చేత వైద్యం చేయించుకున్నారు. రోగం వస్తే వైద్యురాలు, నయమయ్యాక మంత్రగత్తె! ఈ న్యాయం ఏదో మనకీ తెలిసినట్టు లేదూ?

కోటకి వెళ్ళే దారిలో ఇండియా కతలీనా విగ్రహం కనిపిస్తుంది. 1974లో నిలబెట్టారు. ఈమె ఆ తీరంలోని ఆదివాసీ పిల్ల. 1509లో స్పెయిన్‌వాళ్ళు ఎత్తుకుపోయారు. వాళ్ళ భాష నేర్పి, వాళ్ళ మతం ఇచ్చి, ఎరేదియా ఈ తీరానికి వచ్చినప్పుడు తన మనుషులతోనే మాట్లాడటానికి దుబాసీగా తీసుకొచ్చారు. రెండు భాషల మధ్య నలిగిన ఆ అమ్మాయి తన మనసులో మాట ఏ భాషలో అనుకునేదో! ఇవాళ ఆ బొమ్మ నమూనాలు దుకాణాల్లో అమ్ముతున్నారు.

సాహిత్యం ఇష్టమున్నవాళ్ళకి ఇది గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ ఊరు కూడా. 1948లో కుర్ర విలేకరిగా ఇక్కడి 'ఎల్ యూనివర్సాల్' పత్రికలో చేరాడాయన. 'లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా' నవలలో చదువురాని వాళ్ళకి ప్రేమలేఖలు రాసిపెట్టే వసారా ఉంది చూశారూ, దానికి మూలం నేను చెప్పిన మిఠాయిల వసారాయే. 2014లో మరణించాక ఆయన అస్థికల్ని 2016లో ఇక్కడి లా మెర్సెద్ ప్రాంగణంలో ఉంచారు. కథలు రాసుకునేదాన్ని కాబట్టి అక్కడ కాసేపు ఊరికే కూర్చున్నాను.

గోడల అవతలి పేట హెత్సెమని. ఒకప్పుడు చేతిపనివాళ్ళూ, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళూ ఉండే పేద పేట. 1811 నవంబరు 11న కార్తహేన స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నదంటే ఈ పేట జనం వీధిలోకి రాబట్టే. 1815లో స్పెయిన్ సైన్యం మళ్ళీ ముట్టడించినప్పుడు వేలమంది ఆకలితోనే చచ్చిపోయారు. అందుకే దాన్ని వీరనగరం అంటారు. ఇప్పుడా వీధుల్లో గోడలనిండా రంగుల చిత్రాలు, సాయంత్రమైతే త్రినిదాద్ చర్చి ముందు పిల్లల ఆటలు, తినుబండారాల బళ్ళు. అయితే హోటళ్ళు వచ్చి అద్దెలు పెరిగిపోయి పాత కాపురాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఊరు అందంగా తయారైతే ముందు ఇల్లు ఖాళీ చేయాల్సింది పేదవాళ్ళే. ఏ దేశమైనా ఇదే కథ.

ఇప్పుడు మన ఫొటోలోని ఆవిడ దగ్గరికి వద్దాం. ఆవిణ్ణి 'పలెంకేరా' అంటారు. కార్తహేనకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాన్ బసీలియో దె పలెంకె అనే ఊరి ఆడపడుచు. పారిపోయిన బానిసలు అడవిలో కంచెలు కట్టుకుని దాక్కున్న పల్లెల్ని పలెంకె అనేవారు. బెంకోస్ బియోహో అనే నాయకుడు వాళ్ళని కూడగట్టాడు. అతణ్ణి 1621లో కార్తహేనలో చంపించారు. అయినా పల్లె లొంగలేదు. చివరికి 1713లో అధికారులే దాని స్వేచ్ఛని ఒప్పుకోవాల్సి వచ్చింది. అమెరికా ఖండాల్లో నల్లవాళ్ళు గెలుచుకున్న తొలి స్వేచ్ఛా గ్రామాల్లో ఇదొకటి. స్పానిష్ మాటలూ ఆఫ్రికా మాటలూ కలిసిన సొంత భాష ఇప్పటికీ అక్కడ బతికుంది. చావు ఇంట ఆడవాళ్ళు రోజుల తరబడి పాడే పాటలున్నాయి. పారిపోయే దారుల్ని ఆడవాళ్ళు జడల అల్లికలో గుర్తులుగా దాచుకునేవారని ఆ ఊళ్ళో పెద్దలు చెప్తారు. ఆ సంస్కృతిని 2005లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

ఆ ఊరి ఆడవాళ్ళు మిఠాయిలు వండుకుని, పళ్ళు కొనుక్కుని, బేసిన్ నెత్తిన పెట్టుకుని కార్తహేన వీధుల్లో కేకలు వేస్తూ అమ్మేవారు. ఆ కేకతోనే పిల్లల్ని పెంచారు, చదివించారు, ఇళ్ళు నిలబెట్టారు. బానిసల్ని అమ్మిన ఊళ్ళో ఆ బానిసల మనవరాళ్ళు తమ సరుకు తాము అమ్ముకుని బతికారు. ఇంతకన్నా పెద్ద విజయగాథ ఆ కోటలో మాత్రం ఉందా?

ఇప్పుడేమయింది? బేసిన్‌లో పళ్ళు కొనేవాళ్ళు తగ్గి, ఫొటో అడిగేవాళ్ళు పెరిగారు. కొందరు దూరం నుంచి గుట్టుగా తీసుకుని, డబ్బులడుగుతుందేమోనని మొహం తిప్పుకుని పోతారు. ఒకావిడ గుమ్మం మెట్టుమీద కూర్చుని బొప్పాయి తరుగుతుంటే, నా కళ్ళముందే ఒక జంట వచ్చి అటొకటి ఇటొకటి ఫొటోలు తీసుకుని, ఆవిడ తలెత్తేలోపు వెళ్ళిపోయారు. ఆవిడ ఏమీ అనలేదు. కత్తి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

'వాళ్ళు ఫొటోకి డబ్బులడుగుతారండీ, అంతా వ్యాపారం' అని విసుక్కునే వాళ్ళున్నారు. అడగరా మరి? ఎర్రటి ఎండలో, కుచ్చుల గౌనులో, నెత్తిన బరువుతో నవ్వుతూ నిలబడటం పని కాదా? హోటలు వాడు ఆవిడ బొమ్మ పెట్టుకుని గది అద్దెకిస్తే అది వ్యాపారం కాదు కానీ, ఆవిడ తన మొహానికి తాను నాలుగు డబ్బులడిగితే వ్యాపారమా? మరో విషయం చెప్పాలి. 1934 నుంచి దశాబ్దాలపాటు కొలంబియా అందాల పోటీలు జరిగింది ఈ ఊళ్ళోనే. ఆ కిరీటం మొట్టమొదటిసారిగా ఒక నల్లపిల్ల నెత్తికెక్కింది 2001లో. వెనెస్సా మెండోసా ఆ అమ్మాయి పేరు. పోస్టరుమీదికి నల్లని మొహం ఎప్పుడో పనికొచ్చింది, కిరీటానికి పనికిరావడానికి 67 ఏళ్ళు పట్టింది!

అలాగని ఫొటో వద్దని నేననను. ఆ వేషం వేసుకుని నిలబడటం ఆవిడ ఎంచుకున్న బతుకుతెరువు, వద్దనడానికి మనమెవరం? ముందు పలకరించండి. 'బ్వేనోస్ దియాస్' అంటే చాలు, శుభోదయం అని. ధర అడిగి, పండు కోయించుకుని, అక్కడే నిలబడి తినండి. ఫొటో కావాలంటే అడిగి, ఇచ్చేది ముందే మాట్లాడుకుని తీసుకోండి. బేరమాడి పైసలు మిగుల్చుకునే చోటు ఇది కాదు. కోటకి పొద్దున్నే వెళ్ళండి, ఏడాది పొడుగునా ఉక్కే. మధ్యాహ్నం మ్యూజియంలో నీడపట్టున ఉండండి. రోసారియో దీవులకి పడవలో వెళ్తే నీలం నీళ్ళూ, పగడపు దిబ్బలూ చూడొచ్చు. కానీ నాలుగు రోజుల్లో ఒక రోజు తీసి పలెంకె ఊరికి కేటాయించండి. ఆ ఊరి వాళ్ళనే గైడుగా పెట్టుకోండి, వాళ్ళింటి భోజనమే తినండి. కార్తహేన మీకు అర్థమయ్యేది అక్కడ.

ఇది అంత దూరం వెళ్ళేవాళ్ళకే అనుకోకండి. మనం ఏ ఊరు వెళ్ళినా గోపురాలూ, కోటలూ ఎవరు కట్టించారో కంఠతా పట్టుకొస్తాం. కట్టినవాళ్ళెవరో, వాళ్ళ బిడ్డలు ఇప్పుడు ఏ చెట్టుకింద ఏం అమ్ముకుంటున్నారో అడగం. కోట ఎక్కడికీ పోదు, రేపైనా చూడొచ్చు. బేసిన్ ఖాళీ అయితే కానీ ఇల్లు చేరలేని మనిషిని మాత్రం ఇవాళే పలకరించాలి.