చార్మినార్ బొమ్మ అతికిస్తే సరిపోదు

ఎయిర్‌పోర్టులో సావనీర్ల షాపు చూశారా? తాజ్‌మహల్ కీచెయిన్, చార్మినార్ ఫ్రిజ్ మాగ్నెట్, జెండా రంగుల కప్పు. పైనున్న బొమ్మ మార్చేస్తే ఆ కప్పు ఏ దేశానిదైనా అయిపోతుంది. మరి అందులో మనదేముంది?

రష్యా అనగానే గుర్తొచ్చే మత్ర్యోష్కానే తీసుకోండి. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే ఆ చెక్కబొమ్మలు మరీ పాతవేం కావు. 1890ల్లో సెర్గీ మల్యూతిన్ అనే చిత్రకారుడు గీస్తే, వాసిలీ జ్వ్యోజ్దోచ్కిన్ అనే పనివాడు చెక్కాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పతకం వచ్చింది. అంటే, దేశానికి గుర్తుగా నిలిచే వస్తువునూ ఎవరో ఒకరు కూర్చుని డిజైన్ చేయాల్సిందే. ఆ ఒకరు మీరెందుకు కాకూడదు?

మన దగ్గర సరుకుకు కొదవ లేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్రకు పట్టేస్తుంది. మీరు వర్క్‌షాప్ ల్యాబ్‌లో చూసిన లేత్ సూత్రమే ఇది. విత్తనాలు, బెరళ్ల నుంచి తీసిన రంగులు, ఆ కర్ర, ఆ చేతిపని... మన గుర్తింపు వాటిలోనే ఉంది.

పని మొదలుపెట్టే ముందు షరతులు రాసుకోండి. క్యాబిన్ బ్యాగులో పట్టాలి. దారిలో విరగకూడదు. కొన్నవాళ్ల షోకేసులో మూలపడకుండా రోజూ వాడుకలో ఉండాలి. తర్వాత ఆ ఊరెళ్లి, చేసేవాళ్ల పక్కన కూర్చోండి. క్యాడ్‌లో సులువుగా వచ్చే వంపు వాళ్ల ఉలికి లొంగకపోవచ్చు. అప్పుడు మారాల్సింది మీ డ్రాయింగే.

రెండు జాగ్రత్తలు. డిజైన్‌ను రిజిస్టర్ చేయించాలనుకుంటే, ఇన్‌స్టాలో పెట్టకముందే దరఖాస్తు చేయండి. 2000 నాటి డిజైన్ల చట్టం కొత్తదనాన్ని అడుగుతుంది, ముందే బయటపెడితే అది పోతుంది. ఇక, ఏటికొప్పాక బొమ్మలకు జీఐ గుర్తింపు ఉంది. ఎక్కడో ప్లాస్టిక్‌తో పోతపోసి ఆ పేరు తగిలించడం కుదరదు. చేసినవాళ్ల పేరు, వాటా ముందే కాగితం మీద పెట్టండి. వాళ్ల కూలి గిట్టకపోతే రేపు ఆ పని నేర్చుకునేవాళ్లే ఉండరు.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా? గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. కానీ రెజ్యూమెలన్నిట్లో అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు కనిపించేచోట మీ మొదటి స్కెచ్, పగిలిన నమూనా, ఖర్చుల లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీకంటూ ఓ కథ ఉంటుంది. ఆసక్తి పెరిగితే ఎం.డిజైన్ కోసం సీడ్ రాయొచ్చు, బీటెక్ వాళ్లూ అర్హులే.

ఈ సెలవుల్లో ఒక్క వస్తువు చేయండి. పేరు రాయకుండానే అది ఎక్కడిదో చూసినవాళ్లు చెప్పగలిగితే మీరు గెలిచినట్టే.