ఊరికే చూడ్డానికి

విహారం అనగానే మన ఇళ్లలో ముందుగా వెలిగేది స్టవ్వు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం వేరే గిన్నెలో సర్ది, పిల్లలకు చపాతీలు, మామగారికి కారం తగ్గించిన కూర, నీళ్ల సీసాలు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి... ఇవన్నీ సంచుల్లో కుక్కేసరికే ఇల్లాలికి సగం ఓపిక అయిపోతుంది. ఆ తర్వాత అందరూ బహదూర్‌పురాలో జూపార్కు గేటు ముందు దిగుతారు. సాయంత్రం ఇంటికొచ్చాక పక్కింటి పిన్నిగారు "ఏం చూశారే?" అని అడిగితే పిల్లలు పులి అంటారు, ఏనుగు అంటారు. ఇల్లాలు మాత్రం "బాగుంది పిన్నిగారూ, ఎండే ఎక్కువ" అంటుంది. రోజంతా ఆమె చూసింది పిల్లల చెప్పులు, చేతిసంచి, మంచినీళ్ల కుళాయి ఎక్కడుందో, టాయిలెట్లు ఎటువైపో. పులి ముందు నిలబడ్డప్పుడు కూడా ఆమె కళ్లు చిన్నవాడి మీదే ఉంటాయి, గోడెక్కి ఎక్కడ తొంగి చూస్తాడో అని.

ఆడవాళ్లు గడప దాటాలంటే మన ఇళ్లలో ఒక కారణం కావాలి. ఆస్పత్రికా, సరే. గుడికా, మంచిది. కూరగాయలకా, తప్పదు కదా. పెళ్లికి, పేరంటానికి, పురిటికి, పరామర్శకు, అన్నిటికీ అనుమతి ఉంది. "ఎక్కడికి?" అని అడిగినప్పుడు "ఊరికే, అలా చూసొద్దామని" అన్నామా, అయిపోయిందే! "ఊరికేనా? ఇంట్లో ఏం పని లేదా?" అని వెంటనే రెండో ప్రశ్న. ఆ ఊరికే అన్న మాటకు మన ఇళ్లలో ఇంకా వీసా రాలేదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న అలాంటి పథకమే మొదలైంది. ఛార్జీల బాధ తీరింది, బాగానే ఉంది. దాంతోపాటే ఒక వెటకారమూ పుట్టుకొచ్చింది. "పనీపాటా లేకున్నా బస్సెక్కి తిరుగుతున్నారు" అని టీ కొట్ల దగ్గర, ఆఫీసుల్లో, ఫోన్లలో చక్కర్లు కొట్టే జోకుల్లో వింటూనే ఉన్నాం. నేనడిగేది ఒక్కటే. తిరిగితే ఏమైందండీ? సాయంత్రం పూట చౌరస్తాలో గంటసేపు నిలబడే మగవాళ్లను ఏ పని మీద నిలబడ్డారని ఎవరైనా అడుగుతున్నారా?

2019లో కేంద్ర ప్రభుత్వం కాల వినియోగ సర్వే ఒకటి చేసింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే పెడుతున్నారనీ, అవే పనులు చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారనీ తేల్చింది. 2024లో మళ్లీ లెక్క తీస్తే మనది 289, వాళ్లది 88. అంటే ఐదేళ్లలో మనకు కలిసొచ్చింది రోజుకు పది నిమిషాలు. (ఈలోగా వాళ్లూ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారనుకోండి, అది వేరే సంగతి!) ఆ పది నిమిషాలు ఎటుపోయాయో చెప్పమంటే మనలో ఎవరూ చెప్పలేం. ఇంకో పని వచ్చి మింగేసి ఉంటుంది. వాటిని కళ్లకు ఇస్తే ఎలా ఉంటుందన్నదే నా ఆలోచన. అందుకు కాశ్మీరో, ఊటీయో వెళ్లాల్సిన పనిలేదు. బహదూర్‌పురా చాలు.

జూపార్కునే తీసుకోండి. 1959 అక్టోబరు 26న ఏర్పాటై, 1963 అక్టోబరు 6న జనానికి గేట్లు తెరిచింది. సరిగ్గా దానికి ఐదు రోజుల ముందు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ నుంచి ఇక్కడికి వచ్చింది రాణి అనే ఏనుగు. 1938లో పుట్టిన రాణి 2021 జూన్‌లో, 83వ ఏట కన్నుమూసింది. పాతబస్తీ బోనాల ఊరేగింపులో నడిచింది, మొహర్రం ఊరేగింపులోనూ నడిచింది. అమ్మమ్మ చిన్నప్పుడు చూసిన ఏనుగునే అమ్మ చూసింది, ఆ ఏనుగునే మనవరాలూ చూసింది. మన ఇళ్లలో అంతకాలం నిలిచిన వస్తువులు ఎన్నుంటాయి చెప్పండి? రాణి ఇప్పుడు లేదు. ఇంకో ఏనుగు ముందు నిలబడినా సరే, ఈసారి తొండం కొస మీద కన్నేయండి. మన ఆసియా ఏనుగుకు అక్కడ వేలులాంటి మొన ఒకటి ఉంటుంది. ఆఫ్రికా ఏనుగుకైతే రెండు. అంత శరీరం పెట్టుకుని, ఆ ఒక్క వేలితో అది గడ్డిపరకను పట్టుకునే తీరు చూస్తే, చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరే మన వేళ్లే గుర్తొస్తాయి. దానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆ రెండు నిమిషాలూ పిల్లవాడి చెయ్యి ఇంకెవరైనా పట్టుకోవాలి.

జూపార్కును ఆనుకునే మీర్ ఆలం చెరువు ఉంది. జూకు వెళ్లొచ్చినవాళ్లలో దీని కట్టను చూసినవాళ్లు తక్కువ. నిజాం దగ్గర దివానుగా ఉన్న మీర్ ఆలం పేరిట కట్టిన చెరువు ఇది. 1804లో పని మొదలుపెట్టి రెండేళ్లలో పూర్తిచేశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా ఈ ఊరు తాగింది ఈ నీళ్లే. ఆ కట్ట నిటారుగా సాగే గోడ కాదు. పక్కపక్కనే 21 అర్ధచంద్రాలు నిలబెట్టినట్టు ఉంటుంది. ప్రతి అర్ధచంద్రానికీ ఉబ్బెత్తు వైపు నీళ్లలోకి తిరిగి ఉంటుంది. అదెందుకో అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లి ఒక కోడిగుడ్డు తీసుకోండి. రెండు కొసలూ అరచేతుల మధ్య పెట్టి నొక్కండి, అంత సులువుగా పగలదు. వంపు ఆ బరువునంతా పక్కలకు పంచేస్తుంది. చెరువు నీళ్లు ఎంత తోసినా ఆ తోపు వంపులోంచి పక్కనున్న స్తంభాలకు వెళ్లిపోతుంది. సిమెంటు కాంక్రీటు లేని రోజుల్లో రాయి, సున్నంతో ఈ ఉపాయం పన్నారు. రెండు వందల ఏళ్లు దాటినా కట్ట అలాగే ఉంది. నీళ్ల మాటంటారా, మురుగు కలిసింది, గుర్రపుడెక్క పరుచుకుంది. చూడ్డం అంటే ముక్కు మూసుకుని అందమైనది మాత్రమే చూడ్డం కాదు కదా. మన పిల్లలకు ఆ కట్టనూ చూపించాలి, ఆ మురుగునూ చూపించాలి.

అక్కణ్నుంచి ఎంతో దూరం లేని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇంకో తమాషా జరుగుతుంది. జనమంతా గంట కొట్టే వేళకు గడియారం ముందు చేరతారు. చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంటలు కొట్టి లోపలికి పోతాడు. అంతే, జనమూ లేచిపోతారు. నాకా గడియారం మీద ఏం కోపం లేదు కానీ, అది చూసి మ్యూజియం చూశామనుకుంటే ఎలా? ముసుగు రెబెకా దగ్గర ఒక్క ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. మొహం మీద పల్చటి మేలిముసుగు, దాని వెనక కళ్లు, ముక్కు, పెదవులు. తడిసిన మల్లు గుడ్డ ఒంటికి అంటుకున్నట్టు ఉంటుంది. ముసుగు లేదు, దాని వెనక మొహమూ లేదు, ఉన్నదంతా ఒకే రాయి. ఏ పెద్ద విమర్శకుడి కంటే కూడా ఈ బొమ్మ మనకే ఎక్కువ తెలియాలి. బట్ట ఎలా జారుతుందో, ఎక్కడ మడత పడుతుందో, తడిస్తే ఎక్కడ అతుక్కుంటుందో రోజూ ఉతికి ఆరేసే చేతులకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆ పక్క గదుల్లో బిద్రీ పనితనం చూడండి. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోత పోసి, దాని మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో వెండి తీగ కొట్టి కూరుస్తారు. చివర్లో నవాసాగరం కలిపిన బీదరు కోట మట్టితో రుద్దితే లోహమంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. మట్టి రుద్ది మెరుపు తెప్పించడమంటే మనకు కొత్తా? అంట్లు తోమే మనకు! అద్దాల బీరువాల్లో ఉన్న ఆ పాన్‌దాన్లు, హుక్కా కూజాలు ఒకప్పుడు ఎవరో రోజూ వాడినవే. పాన్‌దాను మూత తీసి సున్నం రాసి, వక్క ముక్కలు వేసి, మూత వేసి పక్కన పెట్టిన వస్తువు అది. ఇప్పుడు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నాం.

మరి మన ఇంటి చాట? వెదురు బద్దలు అల్లి చేసిన ఆ చాటలో నాలుగుసార్లు చెరిగితే పొట్టు ముందుకు పోయి, గింజ వెనక్కి చేరి, రాళ్లు ఓ మూలకు వస్తాయి. గాలి, బరువు, మణికట్టు విసురు ఈ మూడింటి లెక్కా తెలిసిన మనిషి అల్లిన వస్తువు అది. ప్యాకెట్ బియ్యం వచ్చాక చాలా ఇళ్లలో అటకెక్కింది. ఉన్నవాళ్లు ఒకసారి దింపి, వెలుతురులో పట్టుకుని, ఆ అల్లిక చూడండి.

లాడ్‌బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిన్న చిన్న పురుగులు చెట్టు కొమ్మల మీద కక్కే జిగురే లక్క. దాన్ని నిప్పుల మీద మెత్తబరచి, చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు అద్దాలి. పాతబస్తీ సందుల్లో ఎందరో ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే ఈ రాళ్లు పొదిగే పని చేస్తారు. బహదూర్‌పురాలో అలాంటి ఒక ఆపాతో మాట్లాడాను. గుమ్మం దగ్గర వెలుతురు కోసం కూర్చుని, చిన్న పుల్ల కొసతో రాయి ఎత్తి గాజు మీద పెడుతోంది. "ఏ రంగు పక్కన ఏ రంగో సేటు చెబుతాడా?" అని అడిగితే నవ్వింది. "గాజు ఆయనది, రాళ్లు ఆయనవి. వరస నాది" అంది. కళ్లు నొప్పెడుతున్నాయనీ, ఇచ్చే కూలి ఇంటి అద్దెకే చాలదనీ కూడా అదే గొంతుతో చెప్పింది. మనం గాజులు కొనేటప్పుడు డజను ధర పది రూపాయలు తగ్గించడానికి పెట్టే శ్రద్ధలో కొంత ఆ వరస మీద పెడితే, బేరం ఎక్కడ ఆపాలో మనకే తెలుస్తుందేమో.

ఇదంతా చెబితే "చూడ్డానికి తీరికేదమ్మా?" అంటారని తెలుసు. తీరిక ఎవరూ తెచ్చి ఇవ్వరు, ఇంట్లో అడిగి తీసుకోవాల్సిందే. ఈసారి జూపార్కుకో, మ్యూజియంకో బయల్దేరేటప్పుడు క్యారియరు కట్టకండి. మిర్చి బజ్జీలో, బిస్కెట్లో, బయట దొరికిందేదో తింటే ఒక పూటకు ఎవరి ఆరోగ్యమూ పాడైపోదు. పిల్లల చెయ్యి వాళ్ల నాన్నగారికి అప్పగించండి. "నేను ఒక అరగంట అటు వెళ్లొస్తా" అని చెప్పి వెళ్లండి. ఎందుకని అడిగితే ఊరికే అనండి. మొదటిసారి ఆశ్చర్యపోతారు, రెండోసారి గొణుగుతారు, మూడోసారికి అలవాటైపోతుంది. అత్తగారింట్లో ఉన్నవాళ్లయితే అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. ఆవిడకు మనకంటే ముప్పయ్యేళ్ల చూపు బాకీ ఉంది.

జూపార్కుకు సోమవారం సెలవు, సాలార్‌జంగ్‌కు శుక్రవారం. వెళ్లొచ్చాక మాకో ఉత్తరం రాయండి. ఏం వండుకెళ్లారో, ఎంత ఎండగా ఉందో వద్దు. ఏం చూశారో రాయండి.